మీకు తెలుసా? కల్లులో కలిపే మత్తు

గంజాయి పేరు వింటేనే ఉలిక్కిపడే తల్లిదండ్రులు కూడా కల్తీ కల్లును మత్తుమందు కింద లెక్కపెట్టరు. జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల లాంటి ఊళ్లకు తాటికల్లు కొత్తేమీ కాదు. పెద్ద ప్రమాదం కల్తీదారులు కలిపే ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్‌తోనే. మొదటి రెండూ డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు.

వీటికి అలవాటుపడ్డ శరీరానికి అవి ఉన్నట్టుండి అందకపోతే వణుకు, నిద్రలేమి, భ్రమలు, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి అది ఆగిపోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వందలాది మంది ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. అందుకే అలవాటుపడ్డవారిని గదిలో పెట్టి గొళ్లెం వేయడం వైద్యం కాదు, ప్రాణాపాయం. డాక్టరు చూస్తుండగా మోతాదు మెల్లమెల్లగా తగ్గించాలి.

మిగతా మత్తులూ తక్కువేమీ కావు. మెదడు దాదాపు 25 ఏళ్లదాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆలోపు అలవాటైన గంజాయి జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. కొందరికి తీవ్రమైన మానసిక వ్యాధి కూడా వస్తుంది. వైట్‌నర్ ఆవిరి పీలిస్తే మొదటిసారికే గుండె ఆగిపోవచ్చు.

కేసు అవుతుందని మత్తుకు అలవాటుపడ్డ పిల్లవాణ్ణి దాచకండి. 1985 నాటి మత్తుమందుల నియంత్రణ (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, కొద్దిపాటి మత్తుమందుతోనో సొంత వాడకంలోనో దొరికిన వ్యసనపరుడు తానుగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ఆ నేరానికి విచారణ నుంచి మినహాయింపు ఉంటుంది. వ్యసన విముక్తికి సలహా కావాలంటే 14446కు ఉచితంగా ఫోన్ చేయండి.