చలికాలంలో పెద్దబాతు పిల్లలు

పుష్యమాసంలో సీతంపేట, సాలూరు కొండల వైపు తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది. (ఈ ఊళ్లు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి.) ఆ రోజుల్లో పెద్దబాతు గుడ్లను కోడి కింద పెట్టే సోదరీమణులు పిల్లలు రాకపోతే చలినే తప్పుపడతారు. చాలాసార్లు తప్పు చలిది కాదు.

కోడిగుడ్డుకు 21 రోజులు చాలు, పెద్దబాతు గుడ్డుకు సుమారు 30 రోజులు కావాలి. ఒక కోడి కింద నాలుగైదు గుడ్లకు మించి పెట్టవద్దు. అంత బరువైన గుడ్డును కోడి తిప్పలేదు. తిప్పకపోతే లోపలి పిండం పెంకుకు అంటుకుపోతుంది. అందుచేత గుడ్డుకు ఒకవైపు బొగ్గుతో గుర్తు పెట్టి, రోజుకు రెండు మూడుసార్లు మీరే తిప్పండి. చివరి మూడు రోజులు మాత్రం కదపవద్దు. పది రోజులు దాటాక గోరువెచ్చని నీళ్లు కాస్త చిలకరించాలి. కోడికి గింజలు, నీళ్లు గంప పక్కనే ఉంచండి. 21 రోజులు దాటాక దానికి విసుగు వచ్చి లేచిపోవచ్చు!

పిల్లలు పుట్టాక అసలు ప్రమాదం నీళ్లతోనే. తల్లిబాతు దగ్గర పెరిగే పిల్లల నూగుకు తల్లి ఈకల నూనె అంటుతుంది. కోడి పెంచిన పిల్లకు ఆ నూనె ఉండదు. మా పెరట్లో ఒకసారి నాలుగు పిల్లలు గోలెంలో దిగి ఆడుకున్నాయి. గంట తిరగకముందే రెండు కొయ్యబారిపోయాయి. అప్పటినుండి తల మాత్రమే మునిగేలా లోతు తక్కువ గిన్నె వాడుతున్నాం. ఈకలు పూర్తిగా వచ్చేదాకా, అంటే సుమారు ఆరు వారాలు, చెరువుకు పంపం.

పూర్వం గంపపైన 60 వాట్ల బల్బు వేలాడదీసేవాళ్లం. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బు వెలుగు ఇస్తుంది గాని వేడి చాలదు. పిల్లలన్నీ ఒకచోట ముద్దగా చేరితే చలి వేస్తోందని, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువైందని తెలుసుకోండి.

మేతకు నానబెట్టిన నూకలు, చోళ్ల పిండి, సన్నగా తరిగిన పచ్చగడ్డి పెట్టాలి. ఇది గడ్డి మేసే పక్షి. పెద్దదయ్యాక గడ్డి, సాయంత్రం గుప్పెడు ధాన్యం ఇస్తే చలిని తట్టుకుంటుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క మాత్రం ఎన్నడూ వేయవద్దు. 1960లో ఇంగ్లండులో అటువంటి చెక్క తిని లక్షకు పైగా సీమకోళ్లు చచ్చిపోయాయి. బాతు పిల్లలకు ఆ విషం మరీ త్వరగా ఎక్కుతుంది.