తాబేటి పిల్లలలో డిప్ప మెత్తబడుట

చేలగట్లపై దొరకిన నక్షత్ర తాబేటి పిల్లలను కొందరు రైతులు ముచ్చటపడి ఇంటికి తెచ్చి తొట్టిలో పెంచుదురు. కొన్ని నెలలకు వాటి డిప్ప మెత్తబడి, వంకరపోవచ్చును. ఇది అంటువ్యాధి కాదు. డిప్ప లోపలి భాగము ఎముకయే. అది గట్టిపడుటకు మేతలో కాల్షియము, దానిని ఎముకకు పట్టించు విటమిన్ డి కొరకు ఎండ కావలెను. నీడన ఉంచి అన్నము, దోసకాయ పెట్టినచో ఇవి చాలవు. డిప్పకు నూనె, రంగు పూసిన ప్రయోజనము లేదు.

పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వీటిని పట్టి పెంచుట నేరము. కావున దుక్కిలో కనబడిన పిల్లను దగ్గరి గట్టు పొదలోనికి జరిపి విడువవలెను. ఇదివరకే తెచ్చియున్నచో అటవీశాఖవారికి అప్పగింపవలెను. డిప్ప మెత్తబడినదానిని పొలములో వదలరాదు. కుక్కలకు, కాకులకు చిక్కును.