సర్వరునకు చాలినంత చోటు

ధాన్యము పండకమునుపే గాదె కొలతను నిర్ణయించుకొను గృహస్థువలె, సర్వరును నెలకొల్పువాఁడు సిస్టమ్ డ్రైవునకు ఎంత చోటు విడువవలయునో ముందుగనే యోచింపవలెను. విండోస్ సర్వర్ 2016నకు మైక్రోసాఫ్ట్ సంస్థ చెప్పిన కనిష్ఠపరిమాణము 32 జీబీ. అది స్థాపనకు చాలునుగాని చిరకాలనిర్వహణమునకు చాలదు. ఏలయన, నెలనెలా వచ్చు అప్‌డేట్లచే వ్యవస్థాభాగములను దాఁచు ఫోల్డరు పెరుగును; లాగ్ ఫైళ్లు పేరుకొనును; 64 జీబీ ర్యామ్ గల యంత్రము కుప్పకూలినవేళ దాని స్మృతినంతయు భద్రపఱుపవలెనన్నచో, పేజ్ ఫైలునకు 64 జీబీకి ఇంచుక మించిన చోటును, డంపు ఫైలునకు మఱల నంత చోటును కావలయును. డ్రైవు నిండెనా, అప్‌డేట్లు నిలిచిపోవును, సేవలు స్తంభించును. కావున వీనినెల్ల కూడి, పెరుగుదలకు కొంత మిగిల్చి, డేటాబేసులను వేఱొక విభాగమున నుంచుటయే దూరదృష్టి. నేఁడు ఉదారముగా విడిచిన చోటు రేపటి యాపదను వారించును.