‘మెమరీ చాలదు’ అంటే ఏ మెమరీ?

ఎరువుల కొట్టో బట్టల దుకాణమో నడిపేవారి పిల్లలకు ‘ట్యాలీ’ అనే పేరు కొత్త కాదు. 1986లో బెంగళూరులో మొదలైన ఈ లెక్కల ప్రోగ్రాము, వెనుక గుమస్తాలు చిట్టాలోనూ ఆవర్జాలోనూ రాసిన పద్దులను కంప్యూటరులో భద్రపరుస్తుంది. నెలనెలా జి.ఎస్.టి. లెక్కలు పంపే వ్యాపారి అమ్మకాల వివరాలను 11వ తేదీలోగా అందజేయాలి. సరిగ్గా 10వ తేదీ రాత్రి, ఏడాది పద్దులన్నీ ఒక్కసారి చూపమని అడిగితే, కంప్యూటరు ‘మెమరీ చాలదు’ అని ఇంగ్లీషులో ఒక ముక్క చెప్పి ఊరుకున్నదనుకోండి. లేదా ‘సి0000005’ అని ఏదో గుర్తు చూపి ప్రోగ్రాము మూతపడిందనుకోండి.

అప్పుడు సలహాలకు కరువుండదు. ఒకరు పాత ఫొటోలు చెరిపెయ్యమంటారు. ఒకరు కొత్త మెమరీ కొనమంటారు. ఇంకొకరు ప్రోగ్రామును తీసేసి మళ్ళీ ఎక్కించమంటారు. మూడూ చేసినా గుణం కనిపించకపోవచ్చు. తొందరలో మూడవది చేస్తే పద్దులే పోవచ్చు. అందుచేత అన్నిటికంటె ముందు, పద్దులున్న ఫోల్డరుకు పెన్‌డ్రైవులో నకలు తీసి పక్కన పెట్టండి. ఇక ఇంతకీ ఈ మెమరీ ఏది?

కంప్యూటరులో సమాచారం ఉండే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి డిస్కు. అది బీరువా వంటిది. కొట్టు కట్టేసి ఇంటికి వెళ్ళినా అందులోని పుస్తకాలు అలాగే ఉంటాయి. రెండవది ర్యామ్. అది గుమస్తా ముందున్న రాతబల్ల. పుస్తకం బీరువాలోంచి బల్ల మీదికి వస్తేనే కూడికలూ తీసివేతలూ సాగుతాయి. తెరమీద కనిపించిన ‘మెమరీ’ ఈ బల్లకు సంబంధించినది. ఫొటోలు ఉండేది బీరువాలో. వాటిని చెరిపితే బల్ల పెద్దది కాదు. (బీరువా పూర్తిగా కిక్కిరిసినప్పుడు మాత్రం కొంత సంబంధం ఉన్నది. దాని సంగతి తరువాత.)

ర్యామ్‌లో ఒక్కొక్క బిట్టుకు ఒక అతి చిన్న కెపాసిటరు ఉంటుంది. దానిలో విద్యుదావేశం ఉంటే 1, లేకపోతే 0 అనుకోండి. ఈ కెపాసిటర్లు చిల్లికుండలు. ఆవేశం కారిపోతూనే ఉంటుంది. కనుక సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకమారు అన్నిటినీ చదివి తిరిగి నింపుతూ ఉండాలి. కరెంటు పోయిందా, నింపే దిక్కు లేదు. బల్ల మీదిదంతా మాయం. డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోతే, ఫైలు సగం కొత్తగా సగం పాతగా మిగిలి చెడిపోవచ్చు.

బల్ల నిండినప్పుడు విండోస్ ఒక ఉపాయం చేస్తుంది. అప్పటికి అక్కరలేని కాగితాలను డిస్కులో ఒక మూల పెట్టి, కావలసినప్పుడు తెచ్చుకుంటుంది. ఆ మూలకు పేజ్‌ఫైలు అని పేరు. డిస్కు నిండిపోతే ఈ మూలకూ చోటుండదు. ఇందాక చెప్పిన సంబంధం ఇదే. ఉపాయం బాగున్నది గాని దాని ఖరీదు చూడండి. ర్యామ్ నుంచి ఒక సంఖ్య రావడానికి సుమారు సెకనులో కోటో వంతు పడుతుంది. తిరిగే పళ్ళేలున్న పాతతరహా హార్డ్‌డిస్కు నుంచి రావడానికి సుమారు నూరో వంతు. లక్ష రెట్లు! గుమస్తా బల్ల మీది కాగితం చూడడానికి 1 సెకను పడితే, బీరువా దాకా వెళ్ళి రావడానికి 27 గంటలు దాటుతుందన్నమాట. ఈనాటి ఎస్.ఎస్.డి.లు చాలా చురుకైనవే, అయినా అదే లెక్కలో పావుగంట పైమాటే. కాబట్టి ప్రోగ్రాము ముందు నత్తనడక నడిచి, ఆ తరువాత మెమరీ మాట ఎత్తిందంటే బల్ల నిజంగానే ఇరుకైనది. మిగతా ప్రోగ్రాములు మూయండి. ఏడాదికి బదులు ఒక్కొక్క నెల పద్దులే అడగండి. రోజూ ఇదే అవస్థ అయితే ర్యామ్ కొనవలసిందే.

మరి 16 గిగాబైట్ల ర్యామ్ ఉండి, అందులో సగం ఖాళీగా ఉన్నా ‘చాలదు’ అంటే? ఈ చిక్కుకు జవాబు మీ గణితంలోనే ఉన్నది. ఊళ్ళో ఇళ్ళకున్నట్లే మెమరీలో ప్రతి బైటుకూ ఒక నంబరుంటుంది. 32 బిట్ల ప్రోగ్రాము ఆ నంబరును 32 స్థానాలలో రాస్తుంది; ఒక్కొక్క స్థానంలో 0 గాని 1 గాని. రెండు స్థానాలతో 4 నంబర్లు వస్తాయి, మూడింటితో 8. ముప్పైరెండు రెండ్లను గుణించి చూడండి: 4,29,49,67,296. ఇవే 4 గిగాబైట్లు. 32 బిట్ల విండోస్ వీటిలో సగం మామూలుగా తనకే ఉంచుకుంటుంది. 64 బిట్ల విండోస్ మీద కూడా, ప్రత్యేకంగా ఏర్పాటు చేసి ఉంటే తప్ప, అటువంటి ప్రోగ్రాముకు దక్కేవి 2 గిగాబైట్లే. ఊరవతల ఎన్ని కొత్త ఇళ్ళు లేచినా, నంబరు లేని ఇంటికి పోస్టుమాను ఉత్తరం చేర్చలేడు గదా! 64 బిట్ల ప్రోగ్రాముకు ఈ ఇబ్బంది లేదు. దాని నంబర్లు లెక్కకు లక్షా 84 వేల కోట్ల కోట్లు. యంత్రాలు అందులో కొంత భాగమే వాడుకుంటాయి. అమెరికాలో చిన్న వ్యాపారులు వాడే క్విక్‌బుక్స్ డెస్క్‌టాప్ 2022 సంచికతో గాని 64 బిట్లకు మారలేదు. ఇటువంటి చోట ర్యామ్ కొనడం డబ్బు దండగ.

ఆ 2 గిగాబైట్లూ అయినా పూర్తిగా అక్కరకు రావు. ఆర్.టి.సి. బస్సులో పది సీట్లు ఖాళీగా ఉన్నా, అక్కడొకటీ ఇక్కడొకటీ అయితే ఐదుగురున్న కుటుంబం పక్కపక్కన కూర్చోలేదు. పెద్ద పట్టికకు వరుసగా చోటు కావాలి. పొద్దుటినుంచీ తెరుస్తూ మూస్తూ ఉంటే ఖాళీలు ముక్కలవుతాయి. కొన్ని ప్రోగ్రాములు తీసుకున్న చోటు తిరిగి ఇవ్వడం మరచిపోతాయి కూడా. దీనిని ‘లీకు’ అంటారు. ఇది తెలుసుకునే ప్రయోగం మీరే చేయవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. లెక్కల ప్రోగ్రాము వాడుతున్న మెమరీని అరగంటకొకసారి రాసుకుని గ్రాఫు గీయండి. పని పెరిగినప్పుడు పెరిగి, తగ్గినప్పుడు తగ్గితే సరే. పని లేకున్నా గీత పైకే పోతుంటే లీకు ఉన్నదని అనుమానించాలి. అసలు మందు ప్రోగ్రాము రాసినవారి దగ్గరే ఉంటుంది. అంతవరకు మధ్యాహ్నం ఒకసారి మూసి తెరవడం మేలు.

సి0000005 వేరే జబ్బు. ట్యాలీ ఇ.ఆర్.పి. 9 వాడినవారు దీనిని ‘మెమరీ యాక్సెస్ వయొలేషన్’ అన్న మాటలతో కలిపి చూసి ఉంటారు. ఇది విండోస్ పెట్టిన గుర్తు. ఏ ప్రోగ్రాముకైనా రావచ్చు. ప్రోగ్రాము గట్టు దాటి తనది కాని చేలో కాలు పెట్టబోతే విండోస్ అక్కడికక్కడే ఆపేస్తుంది. చోటు చాలక కాదు, దారి తప్పి. పద్దుల ఫైలు చెడి ఉండవచ్చు, అదనంగా అతికించిన చిన్న ప్రోగ్రాము సరిపడకపోవచ్చు, ర్యామే చెడిపోయి ఉండవచ్చు.

ఏదో తేల్చడం ఎలా? బల్బు వెలగకపోతే మీరేం చేస్తారు? అదే బల్బును వేరే హోల్డరులో పెట్టి చూస్తారు. ఇక్కడా అంతే. పద్దుల నకలును ఇంకొక కంప్యూటరులో తెరవండి. అక్కడా అదే గుర్తు వస్తే దోషం చాలావరకు పద్దులదే. రాకపోతే, మొదటి కంప్యూటరులో ఖాళీ కంపెనీ ఒకటి తెరిచి చూడండి. దానికీ వస్తే పద్దులది తప్పు కాదు; ప్రోగ్రామునో యంత్రాన్నో అనుమానించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. చెడిన పద్దులను బాగుచేసే వసతి ట్యాలీలోనే ఉన్నది, ఇ.ఆర్.పి. 9లో దాని పేరు రీరైట్, ట్యాలీప్రైమ్‌లో రిపేర్. నకలు లేకుండా దాని జోలికి పోకండి.

ఒక్క లెక్కల ప్రోగ్రామే కాక మిగతావీ వేళాపాళా లేకుండా ఆగిపోతుంటే ర్యామ్‌ను పరీక్షించాలి. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అనే సాధనం ఉన్నది. నిక్షేపంలాంటి ర్యామ్‌లో కూడా ఎప్పుడో ఒక బిట్టు తారుమారు కావచ్చు. చిప్పు పైతొడుగులోని రేడియోధార్మిక మలినాల నుంచి వచ్చే ఆల్ఫా కణాలు ఈ పని చేయగలవని 1978లో ఇంటెల్ శాస్త్రజ్ఞులు మే, వుడ్స్ చూపారు. 5,000ను ద్విసంఖ్యగా రాసి, 16,384 విలువగల బిట్టును 0 నుంచి 1 చేయండి. 21,384 అవుతుంది! ‘మెమరీ చాలదు’ అన్న మొర కంటె, మాటాపలుకూ లేని ఈ తప్పు ప్రమాదకరం. సర్వర్లలోని ఇ.సి.సి. మెమరీ ప్రతి 64 బిట్లకూ సాధారణంగా 8 బిట్లు అదనంగా పెట్టుకుని ఇటువంటి తప్పును సరిచేస్తుంది. ఇళ్ళలోని కంప్యూటర్లలో ఇది మామూలుగా ఉండదు. డెబిట్ వైపు 5,000, క్రెడిట్ వైపు 21,384 పడితే అంకణాలో 16,384 తేడా వచ్చి దొరికిపోతుంది. రెండు వైపులకూ చేరకముందే అంకె మారితే మాత్రం అంకణా కూడా పట్టలేదు. అప్పుడు గుమస్తా తీగకు గుచ్చి ఉంచిన బిల్లు కాగితమే సాక్షి.