మంగళవారం.. ఊరే బడి!

* ఇంట్లోనే చదువుకుంటున్న వాషర్‌మెన్‌పేట్ అక్కాతమ్ముళ్ళు
* విహారయాత్రలే పాఠాలు.. రైల్వేస్టేషన్ బోర్డులే తెలుగు వాచకాలు

వాషర్‌మెన్‌పేట్ (చెన్నై): ఉదయం ఏడున్నర గంటలు. ఎం.సి.రోడ్డు వెనక సందులో పిల్లలంతా బూట్లు తొడుక్కుని బడి ఆటోలు ఎక్కేస్తున్నారు. ఒక్క ఇంట్లో హడావుడి వేరేగా ఉంది. అవ్వ క్యారియర్‌లో పులిహోర సర్దుతోంది. పద్నాలుగో ఏడు నడుస్తున్న మనవరాలు నీళ్ళ సీసాలు నింపుతోంది. పదేళ్ళ మనవడు ఒక్క చెప్పు కోసం మంచం కింద వెతుకుతున్నాడు. వీళ్ళు బడికి పోవడం లేదు. అలాగని సెలవు రోజూ కాదు. వాళ్ళ నాయన లెక్కలు రాసే రెడీమేడ్ దుకాణం నుంచి ఆయనకి మంగళవారం సెలవు. అందుకే ఆ ఇంట్లో మంగళవారం అంటే బయట చదువుకునే రోజు.

కేథలిక్ కుటుంబం. మూడు తరాల కిందట సూళ్ళూరుపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పేర్లు రాయొద్దన్నారు. "పేరు వేస్తే బంధువులు మళ్ళీ మొదలుపెడతారండీ" అని ఆ తల్లి నవ్వేశారు.

పిల్లల్ని బడి మాన్పించాలని వాళ్ళేం అనుకోలేదు. 2020 మార్చిలో కరోనాతో బళ్ళు మూతపడ్డాయి. తమిళనాడులో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకి తలుపులు తెరిచింది 2021 నవంబరు 1న. ఏడాదిన్నర పైమాటే. తల్లి అంతకుముందు ప్రైవేటు బడిలో పంతులమ్మ. ఆ ఏడాదిన్నరా పిల్లలకి తనే చదువు చెప్పుకొచ్చారు. బళ్ళు తెరిచాక ఈ ఏడు చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం అనుకుంటూనే ఇంతదూరం వచ్చేశారు. అమెరికాలో ఉన్న ఆమె పిన్నమ్మ కూతురు కొంత ధైర్యం చెప్పిందట. అక్కడ కేథలిక్ ఇళ్ళలో ఇది కొత్త సంగతేం కాదు. ఇంటి చదువులకి పుస్తకాలు, పరీక్షలు పంపే సెటన్ సంస్థ వర్జీనియాలో 1980లోనే మొదలైంది. పునీతుల పండుగ రోజున పిల్లల్ని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళి చూపించడం ఆ ఇళ్ళలో మామూలు.

"వాళ్ళకి కారుంది. మాకు మెట్రో ఉంది" అంటారీమె.

మెట్రో మాట నిజమే. 2019 ఫిబ్రవరిలో వాషర్‌మెన్‌పేట్ దాకా లైను వచ్చాక ఈ ఇంటి బడికి బస్సు దొరికినట్టయింది. మేమూ ఓ మంగళవారం వాళ్ళ వెంట బయల్దేరాం.

అర్మేనియా వర్తకుడి వెంట

అసలు పాఠం స్టేషన్‌కి నడుస్తుండగానే మొదలైంది. "ఈ పేటకి ఆ పేరెందుకు?" అని తండ్రి అడిగారు. తమిళంలో వణ్ణారపేట్టై. మన పాతకాలపు వాళ్ళు చాకలిపేట అనేవారు. ఈస్టిండియా కంపెనీ కొన్న బట్టని ఎగుమతికి ముందు ఉతికి చలవ చేసేవాళ్ళు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. అదే లైన్లో ఉత్తరానికి పోతే కాలడిపేట. 1717 నుంచి 1720 దాకా గవర్నరుగా చేసిన జోసెఫ్ కాలెట్ నేతగాళ్ళ కోసం కట్టించిన కాలెట్‌పేట, జనం నోట కాలడిపేట అయింది. పక్కనున్న రాయపురం సంగతి పిల్లవాడే చెప్పాడు. తమిళంలో రాయప్పర్ అంటే పునీత పేతురు. ఆయన పేటే రాయపురం. దక్షిణాదిలో తొలి రైలు బయల్దేరింది అక్కడినుంచే. 1856 నాటి ఆ స్టేషన్ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది.

హైకోర్టు స్టేషన్‌లో దిగితే అర్మేనియన్ వీధి నడిచిపోయేంత దూరం. మంగళవారం కదా, పునీత అంతోనివారి కోసం సెయింట్ మేరీస్ కో-కెథెడ్రల్ జనంతో కిటకిటలాడుతోంది. కులం మతం ఎవరూ చూడరక్కడ. అవ్వ కొవ్వొత్తి వెలిగించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఏం మొక్కుకుందో మేం అడగలేదు. తర్వాత తెలిసింది.

అదే వీధిలో 1772 నాటి అర్మేనియన్ చర్చి. గంటల గోపురంలో ఆరు పెద్ద గంటలు. పూజలు చేసుకునే అర్మేనియన్లు ఊళ్ళో లేరు, చర్చి మాత్రం శుభ్రంగా ఉంది. 1794లో ప్రపంచంలోనే మొట్టమొదటి అర్మేనియన్ భాషా పత్రిక 'అజ్దరార్'ని నడిపిన ఫాదర్ హరుత్యున్ ష్మవోనియన్ సమాధి ఇక్కడే. సొంత దేశంలో కాదు, మన చెన్నపట్నంలో! పత్రికల వాళ్ళం కాబట్టి ఆ రాతి దగ్గర మేమూ కాసేపు ఆగాం.

అమ్మాయి నోటు పుస్తకంలో ఒకే ఒక ప్రశ్న రాసుకుంది: "ఊరు వదిలి వచ్చినవాళ్ళు తమ భాషలో పత్రిక ఎందుకు పెట్టుకున్నారు?" జవాబు కోసం అరపేజీ ఖాళీ వదిలింది.

మళ్ళీ మెట్రో. లైను మారే పని లేకుండా అదే రైలు లిటిల్ మౌంట్ చేరుస్తుంది. దారిలో థౌజండ్ లైట్స్ రాగానే తల్లి మరో ముక్క చెప్పారు. 1920లో కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి బడిపిల్లలకి మధ్యాహ్న భోజనం పెట్టించింది ఇక్కడి పాఠశాలలోనే. ఆయన మన తెలుగువాడు, దేవాంగుల బిడ్డ. మన పేట పక్క స్టేషన్‌కే సర్ త్యాగరాయ కళాశాల అని పేరు. "బడికి పోతే అన్నం కూడా పెడతారన్నమాట" అన్నాడు పిల్లవాడు. అవ్వకి నవ్వాగలేదు. తల్లికి మాత్రం నవ్వు రాలేదు.

లిటిల్ మౌంట్‌లో 1551 నాటి పోర్చుగీసు చర్చి, దానికింద చిన్న గుహ. పునీత తోమా వారు ఇక్కడ తలదాచుకున్నారని నమ్మకం. పిల్లవాడు వంగకుండా లోపలికి పోయాడు, మేం నడుం పట్టుకుని పోయాం. అక్కడికి దగ్గర్లోనే అడయారు మీద సైదాపేట వంతెన. 1726లో ఇక్కడ తొలి వంతెన కట్టించింది కోజా పెట్రూస్ ఉస్కాన్ అనే అర్మేనియన్ వర్తకుడు. సొంత డబ్బుతో! పరంగిమలకి పోయే భక్తులు ఏరు దాటలేక పడే అవస్థ చూసి కట్టించాడు. ఆ వంతెన ఇప్పుడు లేదు. 1966లో కొత్తది వచ్చింది. పాతదాని శిలాఫలకం మిగిలింది.

లెక్కల పాఠం ఇక్కడ. "అప్పట్లో మద్రాసులో చెల్లేది వరహా. ఒక వరహాకి 42 పణాలు. పణానికి 80 కాసులు. వరహాకి ఎన్ని కాసులు?" తండ్రి ప్రశ్న. గట్టు మీద కూర్చుని పిల్లవాడు వేళ్ళు లెక్కబెడుతున్నాడు. అక్క నోటితోనే 3,360 అనేసింది. తమ్ముడికి కోపం వచ్చి పులిహోర తిననన్నాడు. ఐదు నిమిషాలకి తినేశాడు.

చివరికి పరంగిమల. కొండెక్కే రాతి మెట్లు కూడా ఉస్కాన్ వేయించినవే. పొద్దున అర్మేనియన్ వీధిలో మొదలైన కథ ఇక్కడ కొండ మీద కలిసింది. పైన 1523 నాటి చర్చి. 1547లో తవ్వకంలో బయటపడ్డ రాతి సిలువ, దాని చుట్టూ పహ్లవీ లిపి. ఆయాసం తీర్చుకుంటూ అవ్వ తన పాఠం తను చెప్పింది. 1986 ఫిబ్రవరి 5న పోప్ రెండో జాన్ పాల్ ఈ కొండకి వచ్చినప్పుడు జనంలో తనూ ఉందట. "కనపడింది తెల్లబట్ట కొసే. అయినా చూసినట్టే గదా" అంది. మెట్లెన్ని అంటే అక్క ఒక లెక్క, తమ్ముడు ఒక లెక్క. దిగేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టారు. అయినా తేడా పోలేదు.

'తడ' దగ్గర తెలుగొచ్చింది

ఈ ఇంటి యాత్రల్లో మాకు బాగా నచ్చింది మాత్రం చర్చిల దారి కాదు, సూళ్ళూరుపేట రైలు. పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇది మన పేటలో చాలా ఇళ్ళ బాధే. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది. 2016 పదో తరగతి పరీక్షల నాటికి తెలుగు పిల్లలు మినహాయింపు కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవద్దని ఎవరూ అనరు. ఇంటి భాషకి పుస్తకంలో చోటు లేకుండా పోవడమే బాధ.

అక్షరాలు దిద్దించడానికి ఆ తల్లి ఎన్నో తంటాలు పడ్డారు. పిల్లలు దారికి రాలేదు. ఓసారి కొరుక్కుపేటలో రైలెక్కి ఊరికి పోతున్నారు. గుమ్మిడిపూండి, ఎళావూరు, ఆరంబాక్కం.. అన్నీ తమిళ బోర్డులు. సరిహద్దు దాటగానే మొదటి స్టేషన్. బోర్డు మీద రెండే అక్షరాలు: తడ. పిల్లవాడు కిటికీకి అతుక్కుని "త.. డ.. తడ!" అని కేకేశాడు. పెట్టెలో వాళ్ళంతా తిరిగి చూశారు. తర్వాత అక్కంపేట. అక్కడ క కింద ఒత్తు నేర్చుకున్నాడు. సూళ్ళూరుపేట వచ్చేసరికి దీర్ఘాలతో, ళ కింద ఒత్తుతో కుస్తీ. దీనికి మించిన వాచకం ఎవరు రాస్తారు చెప్పండి!

అక్కడినుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద, పులికాట్ మధ్యలో, చలికాలంలో ఫ్లెమింగోలు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు. రాకెట్ ప్రయోగం చూడాలంటే 2019లో షార్ దగ్గర కట్టిన గ్యాలరీ ఉంది, ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఇవన్నీ వీళ్ళు చూసొచ్చారు.

సరస్సుకి దక్షిణపు ఒడ్డున పళవేర్కాడు. పొన్నేరిలో దిగి బస్సెక్కాలి. మనవాళ్ళు ఈ సరస్సుని ప్రళయకావేరి అంటారు. 1515 నాటిదని చెప్పే మహిమ మాత గుడి అక్కడే. డచ్చివాళ్ళు 1613లో కోట కట్టారు. వాళ్ళ శ్మశానం గుమ్మం రాళ్ళ మీద ఎముకల గూళ్ళు చెక్కి ఉంటాయి. పిల్లలకి కోట కంటే అవే ఇష్టం! డచ్చివాళ్ళు వచ్చిందీ బట్టల కోసమే. మన చాకలిపేట పుట్టిందీ బట్టల కోసమే. ఆ సంగతి అమ్మాయి తనంతట తనే పట్టుకుందని తల్లి ముచ్చటగా చెప్పారు.

అవ్వ మొక్కు

అంతా బాగున్నట్టే ఉంది. కానీ బాగాలేనిదీ ఉంది. ఒకచోట విద్యార్థి టిక్కెట్టు అడిగితే "ఏ బడి? ఐడీ కార్డేది?" అన్నారట. అమ్మాయి తల దించుకుంది. వీధిలో తన ఈడు పిల్లలు సాయంత్రం ట్యూషన్లకి పోతారు, ఆదివారం గుడి దగ్గర తప్ప స్నేహితులు దొరకరు. పళవేర్కాడు బస్సులో పిల్లవాడికి వాంతులు. ఎండాకాలం రెండు నెలలు యాత్రలే లేవు. మరో మాట కూడా చెప్పుకోవాలి. పాఠం చెప్పగలిగిన తల్లి, వారంలో ఓ రోజు చేతిలో ఉన్న తండ్రి, వంటకి అవ్వ.. ఈ ముగ్గురూ ఉన్నారు కాబట్టి ఈ ఇంట్లో సాగుతోంది. పొద్దున పోయి రాత్రి వచ్చే అమ్మానాన్నలున్న ఇంట్లో ఇది కుదిరే పని కాదు.

చట్టం సంగతేమిటి? 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చకపోతే వాళ్ళకి శిక్ష అని మాత్రం రాయలేదు. పదో తరగతి పరీక్షకి ఉన్న దారి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. పద్నాలుగేళ్ళు నిండితే చేరవచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. తెలుగు కూడా ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. తల్లి మనసు అటే ఉంది.

అవ్వ మనసు అటు లేదు. "అన్నీ చూపించారు, నేను కాదన్లా. కానీ బడికి పోని ఆడపిల్లని రేపు ఎవరన్నా ఏం చదివావమ్మా అంటే కొండెక్కానని చెబుతుందా?" అంతోనివారి ముందు ఆమె మొక్కుకుంది అదే. మనవరాలు బడికి పోవాలని.

తండ్రి ఏ వైపూ మాట్లాడలేదు. "దాన్నే అడగండి" అన్నారు.

అమ్మాయి వెంటనే జవాబివ్వలేదు. తిరుగు రైల్లో, స్టేషన్ దగ్గరపడ్డాక చెప్పింది. "నాకు బడికి పోవాలనే ఉంది అంకుల్. ఫ్రెండ్స్ కావాలి. కానీ మంగళవారం రాకూడదంటే ఎట్లా? అదే ఆలోచిస్తున్నా."

అమ్మతో ఈ మాట అన్నావా అంటే లేదని తల అడ్డంగా ఊపింది. నాలుగు సీట్ల అవతల తల్లి వచ్చే వారం ఎక్కడికి పోవాలో పిల్లవాడితో మాట్లాడుతున్నారు. వాడు మళ్ళీ తడ అంటున్నాడు. బళ్ళు తెరిచే జూన్‌కి ఇంకా సమయం ఉంది.