రెండు రెసిస్టర్లు, ఒక బంగారు గీత

కార్ఖానా అంటేనే పనిశాల. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఆ పేరున్న పేటలో ఓ ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీని ఆర్డుయినో యూనో బోర్డుతో కొలవాలనుకుందాం. బ్యాటరీ పేరుకు 12 వోల్టులే గానీ ఛార్జింగులో 14.4 దాకా ఎక్కుతుంది. బోర్డు తట్టుకునేది 5 వోల్టులు.

అందుకే వోల్టేజీని పంచాలి. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక రెసిస్టర్, దాని కింద ఇంకొకటి, ఆ చివర మైనస్‌కు. బోర్డు మైనస్ కూడా అక్కడికే. రెండూ కలిసే చోట కొలుస్తాం.

కొలిచే వోల్టేజీ = బ్యాటరీ వోల్టేజీ × కిందిది ÷ (పైది + కిందిది)

కాస్త జాగాతో 15 వోల్టులు అనుకుంటే మూడో వంతు కావాలి. కింద 10 కిలో ఓమ్‌లు పెడితే పైన 20. దుకాణాల్లో మామూలుగా దొరికే వరుస 10, 12, 15, 18, 22, 27. అందులో 20 లేదు. 22 తీసుకుంటే 15 × 10 ÷ 32 = 4.69 వోల్టులు. కాగితం మీద క్షేమమే.

ఇప్పుడు రెసిస్టర్ చివరి గీత చూడండి. బంగారు రంగైతే విలువ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. పైది 20.9కి తగ్గి, కిందిది 10.5కి పెరిగితే 5.02 వోల్టులు వస్తాయి. హద్దు దాటింది! గోధుమ గీత, అంటే 1 శాతం రకమైతే ఎంత చెడ్డా 4.75. బంగారు గీతవే ఉంటే పైన 27 పెట్టండి, 4.36 మించదు.

అదే నిష్పత్తిలో 2.2, 1 ఎందుకు వాడకూడదు? కరెంటు 0.47 నుంచి 4.7 మిల్లీ ఆంపియర్లకు పెరుగుతుంది, అదీ రాత్రింబవళ్లు. 220, 100 అయితే కరెంటు మిగులుతుంది గానీ, కొలిచే చిప్‌కు ఎదురయ్యే నిరోధం 69 కిలో ఓమ్‌లవుతుంది. దానికి 10 లోపు ఉంటే మేలు. 22, 10 జతకు అది 6.9 మాత్రమే.

కొలిచినదాన్ని తిరిగి బ్యాటరీ వోల్టేజీగా మార్చడానికి ప్రోగ్రాములో 3.2 (32 ÷ 10)తో గుణించే ముందు రెండు రెసిస్టర్లనూ మల్టీమీటరుతో కొలవండి. అవి 21.8, 10.05గా తేలితే గుణించాల్సింది 3.17తో. లేకుంటే 12.6 వోల్టుల బ్యాటరీ 12.72గా కనిపిస్తుంది. విశ్రాంతిలో ఉన్న బ్యాటరీకి పూర్తి ఛార్జీకీ ఖాళీకీ తేడా సుమారు 1 వోల్టే. ఆ 0.12 తప్పుతో, అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఇంకెంతసేపు తిరుగుతుందో సరిగా చెప్పలేం.