నొప్పికీ ఉంది ఓ తలుపు!

వంట చేస్తుంటే వేలు కాలింది. కాసేపయ్యాక గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెడితే... అబ్బ, ఒకటే మంట! మిగతా వేళ్లకు హాయిగా ఉన్న నీళ్లే ఆ ఒక్క వేలికి సలసలా కాగుతున్నట్టు అనిపిస్తాయి. 'ఆ మాత్రం దానికి ఇంత గోలా!' అంటారు ఇంట్లోవాళ్లు. కానీ ఆ వేలు అబద్ధం చెప్పడం లేదు.

చర్మంలోని నాడుల కొసల్లో తలుపుల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. అవే అయాన్‌ ఛానెళ్లు. అవి తెరుచుకుంటే సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. అప్పుడు పుట్టే విద్యుత్‌ సంకేతం వెన్నుపాము మీదుగా మెదడుకు చేరుతుంది. వాటిలో 'టీఆర్‌పీవీ1' అనేది సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌ వేడికి తెరుచుకుంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్‌ తగిలినా అంతే. కారం తింటే నోరు మండేది అందుకే! 1997లో డేవిడ్‌ జూలియస్‌ బృందం ఈ తలుపు గుట్టు విప్పింది. 2021లో నోబెల్‌ అందుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు.

మరి కాలిన వేలి సంగతి? దెబ్బ తగిలిన చోట బ్రాడికైనిన్‌ అనే పెప్టైడ్‌ తయారవుతుంది. నాడీకణం మీద దానికంటూ ఓ రిసెప్టర్‌ ఉంది. పెప్టైడ్‌ దాన్ని తట్టగానే కణం లోపలి ఎంజైములు కదిలి, టీఆర్‌పీవీ1 గడియను వదులు చేస్తాయి. ఇక ఒంటి వేడికే ఆ తలుపు తెరుచుకోగలదు. ఇదీ మన మంచికే. గాయం మానేదాకా ఆ చోటును కాపాడుకుంటాం కదా!

గడియ బిగించే పెప్టైడ్లూ మన ఒంట్లోనే ఉన్నాయి. ఎన్‌కెఫలిన్లను 1975లో స్కాట్లండ్‌లోని అబెర్డీన్‌లో గుర్తించారు. అవి ఓపియాయిడ్‌ రిసెప్టర్లను తాకితే కాల్షియం ఛానెళ్లు మూతపడి, సంకేతం బలహీనపడుతుంది. మార్ఫిన్‌ పనిచేసేదీ అక్కడే. చిక్కేమిటంటే, అవే రిసెప్టర్లు మెదడులోనూ ఉన్నాయి. అందుకే మోతాదు మించితే ఊపిరికే ముప్పు, వ్యసనమయ్యే ప్రమాదం.

అలాగని నేరుగా టీఆర్‌పీవీ1నే మూసేద్దామని మందులు ప్రయత్నిస్తే, కొందరికి ఒళ్లు వేడెక్కింది. ప్రమాదకరమైన వేడి కూడా సరిగా తెలియలేదు. అందుకే వేరే తలుపుల మీద దృష్టి పెట్టారు. నొప్పి నాడుల్లోని ఓ సోడియం ఛానెల్‌ను అడ్డుకునే సుజెట్రిజిన్‌కు 2025 జనవరిలో అమెరికా అనుమతిచ్చింది. ఇది ఓపియాయిడ్‌ కాదు.

ఈసారి ఇంట్లో ఎవరైనా 'ముట్టుకుంటేనే మంట' అంటే కొట్టిపారేయకండి. అక్కడ గడియ నిజంగానే వదులై ఉండొచ్చు!